తిరుపతి పాత మిద్దెలో దెయ్యం: భయం, నవ్వు రెండూ నిలవాలంటే?

ప్రశ్న: నవల సగమైంది. తిరుపతిలో పాత మిద్దె, వాటాల కోసం కొట్లాడుకునే ముగ్గురు అన్నదమ్ములు, పోయాక కూడా ఇల్లు వదలని అవ్వ. నవ్వు పండిన చోటల్లా భయం చచ్చిపోతా ఉంది. ఎట్లా?

జవాబు: అవ్వను మాత్రం నవ్వులపాలు చేయొద్దన్నా. నవ్వు బతికున్నోళ్ళ మధ్యే పుట్టాల. అటక మీద చప్పుడైతే పెద్దకోడలు "ఆ గది చిన్నోడి వాటా, వాడే చూసుకుంటాడులే" అనాల. రెండు పేరాల్లోపల అదే చప్పుడు ఆమె మంచం కింద రావాల. జోకు మీద జోకు వేస్తే చదివేవాళ్ళు ఊపిరి వదిలేస్తారు, మళ్ళీ బిగించేదానికి ఒక అధ్యాయం పడుతుంది.

జవాబు: "అమ్మేసి పోవచ్చు గదా" అనే సందేహాన్ని మొదటి 20 పేజీల్లోనే మూసేయండి. తాతల నాటి ఉమ్మడి ఆస్తి అనండి. హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణతో కూతురికీ సమాన వాటా, కాబట్టి మేనత్త సంతకం కావాలి. ఆమె పెట్టదు.

జవాబు: కథను తిరుపతి గంగమ్మకు చేసే గంగజాతర వారంలో పెట్టండి. జాతరలో మొక్కుకున్నోళ్ళు వేసే బైరాగి వేషానికి ఒంటినిండా తెల్లసుద్ద పూస్తారు గదా. ఇంట్లో ఒక మామ ఆ వేషం వేశాడనుకోండి. చీకటి వసారాలో తెల్లటి ఆకారం కనబడాల, మామే అనుకుని అందరూ నవ్వాల. అప్పుడు పెరట్లో నీళ్ళ చప్పుడు: మామ ఇంకా సుద్ద కడుక్కుంటానే ఉన్నాడు.