స్వరకర్త కాగితాలు ఆర్కైవ్‌కు ఇచ్చే ముందు ఎలా సర్దాలి?

ప్రశ్న: ఒక స్వరకర్త చేతిరాత స్వరప్రతులు, ఉత్తరాలు రెండు పెట్టెల నిండా ఉన్నాయి. తేదీలవారీగా విడదీసి, చిరిగినవి టేపుతో అతికించి ఇవ్వొచ్చా?

జవాబు 1: రెండూ వద్దండీ. ఏ ఉత్తరం ఏ చిత్తుప్రతి పక్కన ఉందన్నదే చాలాసార్లు తేదీ లేని కాగితానికి ఆధారం. ఉన్న వరుసనే ఫొటో తీసి, కట్టలకు నంబర్లు వేయండి. రాయాల్సివస్తే వెనకవైపు మూలన, మెత్తటి పెన్సిల్‌తోనే. టేపు జిగురు కొన్నాళ్లకు పసుపెక్కి కాగితంలోకి ఇంకుతుంది.

జవాబు 2: తుప్పు పట్టిన గుండుసూదిని లాగేయకండి. దానికీ కాగితానికీ మధ్య పల్చటి ప్లాస్టిక్ రేకు దూర్చి, మెల్లగా జరపాలి. పత్రికల కత్తిరింపుల్లోని ఆమ్లం పక్క కాగితాన్ని మరక చేస్తుంది. మధ్యలో ఆమ్లరహిత కాగితం పెట్టండి. బూజు పట్టినవి వేరే పెట్టెలోకి. లామినేషన్ మాటే ఎత్తొద్దు.

జవాబు 3: పెట్టెలు అప్పగించినంత మాత్రాన కాపీరైట్ చేతులు మారదు, అది ఒప్పందంలో విడిగా రాయాలి. ఆయనకొచ్చిన ఉత్తరాల మీద హక్కు మామూలుగా రాసినవాళ్లదే.