200 నకిలీ క్లస్టర్లలో 181 దొరికాయి. నమ్మవచ్చా?

మఖా నక్షత్రం:
ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం గెలాక్సీ క్లస్టర్లను, అంటే గురుత్వాకర్షణతో కలిసి ఉండే గెలాక్సీల పెద్ద గుంపులను, వెతికే ప్రోగ్రాము రాశాను. ఎర్రటి గెలాక్సీలు ఒకచోట గుమిగూడితే పట్టుకుంటుంది. పరీక్షగా స్లోన్ అనే ఆకాశ సర్వే గెలాక్సీల పట్టికలో నేనే తయారుచేసిన 200 నకిలీ క్లస్టర్లు చల్లి నడిపితే 181 దొరికాయి. మా గైడు గారు కాగితం చూసి, "ఇంత బాగా రాకూడదే" అని వెళ్లిపోయారు. తప్పెక్కడ?

చేట:
నకిలీలను గుండ్రంగా, మధ్యలో ఒత్తుగా, అంచుల్లో పలచగా చేశారా? అయితే మీ ప్రోగ్రాము ఏ ఆకారం కోసం వెతుకుతోందో దానికి అదే వడ్డించారు. చిన్నప్పుడు నేను బియ్యంలో నల్లరాళ్లన్నీ ఏరి గర్వంగా చేట చూపిస్తే, మా అమ్మ అందులోంచే నాలుగు తెల్లరాళ్లు తీసేది. ఆ తర్వాత నేను పారబోసిన కుప్పలో బియ్యపు గింజలు ఎన్ని ఉన్నాయో వెతికేది. మీ 181 మొదటి పరీక్షకే జవాబు, అదీ నల్లరాళ్లతో. ప్రోగ్రాము క్లస్టర్లని చెప్పినవాటిలో నిజమైనవెన్ని?

ఖగోళ శాస్త్రవేత్త ఏబెల్ 1958లో పాలోమార్ అబ్జర్వేటరీ తీసిన ఆకాశపు ఫొటో ప్లేట్లను కంటితో చూసి 2,712 క్లస్టర్లను జాబితా చేశాడు. 1997లో వాన్ హార్లెమ్, ఫ్రెంక్, వైట్ అనే శాస్త్రవేత్తలు కంప్యూటర్ సిమ్యులేషన్లతో కృత్రిమ ఆకాశం కట్టి, ఏబెల్ నియమాలతోనే వెతికారు. దొరికినవాటిలో దాదాపు మూడో వంతు నిజానికి అంత దట్టమైనవి కావు. దాదాపు అంతే వాటాలో అసలువి తప్పిపోయాయి కూడా. మన చూపు వెళ్లే దారిలో ముందూ వెనకా ఉన్న గెలాక్సీలు ఒకే గుంపుగా కనబడటమే దీనికి కారణం.

రాత్రి డ్యూటీ:
ఎక్స్‌రేలో వెతికితే ఈ బాధ చాలా తక్కువ. అక్కడ వెలిగేది క్లస్టర్లో నిండిన వేడి వాయువు; దాని వెలుగు ఆ వాయువు సాంద్రతకు వర్గంగా పెరుగుతుంది కాబట్టి పలచని గుంపులు ఒకదాని వెనక ఒకటి ఉన్నా పెద్దగా మెరవవు.

చేట:
నిజమే. కానీ అక్కడ నడిమి చల్లబడి మెరిసే క్లస్టర్లు సులువుగా దొరుకుతాయి, మిగతావి వెనకబడతాయి. ఏ చేటకు ఆ రాళ్లే.

మఖా నక్షత్రం:
మూడు వారాలు పట్టింది. మిలీనియం సిమ్యులేషన్ అనే కంప్యూటర్ విశ్వం నుంచి తీసిన ఆకాశం మీద నడిపాను. పెద్దవి దొరికాయి, చిన్నవాటి దగ్గర బోర్లా పడ్డాను. జాబితాలో పన్నెండోదాన్ని విప్పి చూస్తే ఒకటి కాదు, ఒకదాని వెనక ఒకటి నిలబడ్డ రెండు బక్క గుంపులు. ఆ బొమ్మ చూపిస్తే మా గైడు గారు ఈసారి కుర్చీ లాక్కుని కూర్చున్నారు.