ఉడుకూరాలెనా, ఉడికూరాలెనా?

హనుమకొండ నుంచి, మూలప్రశ్న:
తైదలను (రాగులను) రాత్రి నానబోసి, తడిగుడ్డలో మూటగట్టి మొలకెత్తించి, ఎండిన తరువాత ఇసుర్రాయి మీద విసిరేటప్పుడు మా అమ్మ ఒక మాట అనేది. "గింజ ఉడుకూరాలె, తీపు అడుక్కు దిగాలె" అని నా చెవిలో నిలిచి ఉంది. మా అక్కయ్య మాత్రం అది ‘ఉడుకూరాలె’ కాదని, ‘ఉడికూరాలె’ అని గట్టిగా చెబుతున్నది. ఇన్నేళ్లకు ఈ ఒక్క అక్షరం నన్ను పట్టుకోవడానికి కారణం మా అల్లుడు. అతడు అమెరికాలో ఇంట్లో బీరు కాచుకుంటాడు. 1978 నాటి చట్టంతో అక్కడ సొంత వాడుకకు అది ఒప్పుకున్న పనే కానీ, ఇక్కడ అనుమతి లేకుండా కాస్తే ఆబ్కారీ నేరమవుతుంది. బార్లీ మాల్టును, అంటే మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ గింజను, వేడినీళ్లలో ఊరబెట్టి చక్కెరను రాబట్టే దశలో, గింజలో ఉన్న సారంలో నూటికి 62 పాళ్లే దిగుతున్నదని, దానిని పెంచే దారి ఏమిటని ఫోనులో అడిగాడు. నాకు వెంటనే అమ్మ మాట గుర్తుకు వచ్చింది. ‘డు’ అయితే ఉడుకులో, అంటే వేడిలో, ఊరాలని, ‘డి’ అయితే ముందు ఉడికి ఆ తరువాత ఊరాలని పద్ధతే మారిపోతుంది కదా. ఏది సరియైనదో సభ్యులు చెప్పగలరని కోరుతున్నాను.

పరకాల నుంచి:
ఇందులో సందేహానికి తావు లేదు. ‘ఉడుకు’ అనే ఉకారాంత నామానికి ‘ఊరాలె’ పరమైతే ఉత్వసంధి జరిగి ‘ఉడుకూరాలె’ అవుతుంది. ‘ఉడికి’ అన్నది క్త్వార్థకం, అంటే ముందు జరిగిన పనిని చెప్పే అసమాపక క్రియ. క్త్వార్థంబైన ఇత్తునకు (ఇకారానికి) సంధి లేదని చిన్నయసూరి స్పష్టంగా చెప్పాడు. కనుక ‘ఉడికూరాలె’ అనే రూపమే పుట్టదు. అమ్మగారి మాటను మీరే సరిగా విన్నారు.

జగిత్యాల నుంచి:
పరకాల వారు పెద్దవారు, కాదనడానికి సంకోచిస్తూనే చెబుతున్నాను. సూరి సూత్రం గ్రంథభాషకు చెప్పింది. మన ఇళ్లలో ‘చేసిచ్చిండు’, ‘రాసిచ్చింది’ అని ‘చేసి’, ‘రాసి’ అనే క్త్వార్థకాలు పక్క అచ్చుతో కలిసిపోయే పలుకుతాము. ఇసుర్రాయి దగ్గర కూర్చున్న అమ్మ నోట ‘ఉడికి ఊరాలె’ అన్నది ‘ఉడికూరాలె’ కావడానికి ఏ అడ్డమూ లేదు. సంధి ఆధారంగా అక్కయ్యగారి మాటను కొట్టివేయలేము.

పాలకుర్తి నుంచి:
సంధిని వదిలి ఛందస్సును చూడండి. ఇది ఏదో విసుర్రాయి పాటలోని ద్విపద పాదమై ఉంటుందని, వాడుకలో పడి అరిగిపోయిందని నా ఊహ. "గింజ యుడుకునూర దీపెల్ల దిగును" అని సరిచేస్తే భగణం, సలం, తగణం, చివర నగణం అని ద్విపద పాదానికి కావలసిన నాలుగు గణాలూ చక్కగా కుదురుతాయి. మా ఊరి సోమనాథుడు బసవపురాణానికి ద్విపదను ఎన్నుకున్నది జానుతెనుగు అందరి నోటా నిలవాలనే కదా. తుమ్మెద పదాలు, గొబ్బి పదాలు, వెన్నెల పదాలు అంటూ జనం పాడుకునే పాటలను పండితారాధ్య చరిత్రలో పేరుపేరునా తలచుకున్న కవి ఆయన. ఇక్కడి ఆడవాళ్ల పనిపాటల్లో ఆ నడక మిగిలి ఉండడంలో వింత లేదు.

పరకాల నుంచి:
గణాలు కుదిరాయి కానీ, పాదం మొదటి అక్షరానికీ మూడవ గణం మొదటి అక్షరానికీ ఉండవలసిన యతి చెడింది. మూడవ గణం మొదట ‘దీ’ ఉన్నది, పాదం మొదట ‘గి’ ఉన్నది. అచ్చులకు మైత్రి ఉన్నా హల్లులకు లేదు. సోమనాథుని ఊరివారు ఇంత తేలికగా యతిని విడిచిపెట్టరాదు.

పాలకుర్తి నుంచి:
అంగీకరిస్తున్నాను. "గింజ యుడుకునూర గిన్నెకు దిగును" అంటే యతి నిలుస్తుంది.

జగిత్యాల నుంచి:
యతి నిలిచింది, ‘తీపు’ పోయింది. ఆ మాటకు ప్రాణమే తీపు. అంతకన్నా ముఖ్యమైనది మరొకటి ఉంది. అదే పాదంలో "గింజ యుడికియూర" అని పెట్టి చూడండి. గణాలు ఏమాత్రం మారవు. ‘డుకునూర’ ఎంతో ‘డికియూర’ కూడా అంతే. ప్రాస పాదంలో రెండవ అక్షరమైన ‘జ’ది కనుక దానికీ ఈ మార్పుతో పని లేదు. అంటే ఛందస్సు ఇద్దరికీ సమానంగా సాక్ష్యమిస్తున్నది.

కరీంనగర్ నుంచి:
నేను రసాయనశాస్త్రం చెప్పేవాణ్ణి. వ్యాకరణం జోలికి రాను కానీ, అల్లుడుగారి పనికి మాత్రం ఈ ‘డు’, ‘డి’ల తేడా చాలా పెద్దది. మన వైపు ‘ఉడుకు నీళ్లు’ అంటే స్నానానికి కాచిన వేడినీళ్లు, మరుగుతున్నవి కావు. మాల్టు గింజలోని పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చేవి దానిలోనే ఉన్న రెండు ఎంజైములు. బీటా అమైలేజ్ 60 నుంచి 65 డిగ్రీల దగ్గర బాగా పనిచేసి, 70 దాటితే త్వరగా నశిస్తుంది. ఆల్ఫా అమైలేజ్ 70 దగ్గర చురుకుగా ఉంటుంది, 80 దాటితే అదీ నిలవదు. మాల్టును మొదటే మరిగిస్తే రెండూ చచ్చిపోయి పిండి పిండిగానే మిగులుతుంది. కనుక 65, 67 డిగ్రీల దగ్గర గంటసేపు ఊరడమే సరియైన పద్ధతి. బార్లీ మాల్టుకు ‘ఉడుకూరాలె’ అన్నదే సూత్రం.

ఇక 62 పాళ్ల దగ్గర ఆగిపోవడానికి మొదట అనుమానించవలసింది విసురును. గింజ పైపొట్టు చెదరకుండా లోపలిది నూకగా పగలాలి. పగలని గింజలోకి నీరు చేరదు, అంతా మెత్తని పిండి అయితే గంపెడు పిప్పి అడ్డుపడి రసం దిగదు. మిల్లు రోలర్ల మధ్య సందు ఒక మిల్లీమీటరు దగ్గర పెట్టి చూడమనండి. ఉండలు కట్టకుండా కలియబెట్టాలి. నీళ్లలో క్షారత ఎక్కువైతే సర్దుకుని, ఊరే పదార్థపు పీహెచ్ 5.2 నుంచి 5.6 మధ్య ఉండేటట్లు చూడాలి. ఒక చుక్క తీసి అయొడిన్ వేస్తే నీలినలుపు తిరగకపోతే పిండి మారినట్లే. అయొడిన్ రంగు తిరగకపోయినా లెక్క తక్కువ వస్తే లోపం మార్పులో లేదు, కడుగుడులో ఉన్నది. కిలో గింజ దాదాపు లీటరు రసాన్ని తనలో పట్టి ఉంచుకుంటుంది. 77 డిగ్రీలు మించని వేడినీళ్లతో ఆ పిప్పిని నెమ్మదిగా కడిగితేనే అది వదులుతుంది. తొందరపడి కుళాయి పూర్తిగా తెరిస్తే నీరు ఒక పక్కనే దారి చేసుకుని పోతుంది, మిగిలిన గింజ సారం గింజలోనే ఉండిపోతుంది.

పరకాల నుంచి:
గింజలోని సారంలో ఎంత దిగిందో చెప్పే ఈ లెక్కకు తెలుగులో ‘సామర్థ్యం’ అని రాస్తున్నారు. అది పనిచేసేవాడి గుణం, వచ్చిన సారం కొలత కాదు. డికాషన్ దిగింది అంటాము, పంట దిగుబడి అంటాము. సారం దిగినదానిని ‘దిగుబడి’ అనకుండా వేరే మాట వెతకడం ఎందుకు? అమ్మగారి మాటలో ‘దిగాలె’ అన్నది ఊరికే రాలేదు.

జగిత్యాల నుంచి:
‘దిగుబడి’ని మనసారా అంగీకరిస్తాను. కానీ కరీంనగర్ వారు చెప్పింది బార్లీకి. అమ్మగారి వంటింట్లో బార్లీ ఎక్కడిది? జొన్నలోని పిండి మెత్తబడడానికి బార్లీ కన్నా ఎక్కువ వేడి కావాలి, బియ్యానికీ అంతే. అందుకే మా ఇంట్లో జొన్న గట్కను ముందు బాగా ఉడికించి, వేడి కొంచెం తగ్గిన తరువాత మొలకల తైదపిండి ఒక చెంచాడు కలిపేవాళ్లు. గరిటె నిలబడే గట్క కాసేపటికి జావలా పలుచబడి, బెల్లం వేయకముందే తియ్యబడేది. ఇక్కడ ‘గింజ ఉడికి, ఊరాలె’ అన్నదే నిజం. అక్కయ్యగారు వంటింట్లో ఎక్కువ కాలం అమ్మగారి పక్కన ఉన్నవారై ఉంటారు.

కరీంనగర్ నుంచి:
ఇది శాస్త్రానికి సరిపోతుంది. బీరు కాచేవాళ్లు బియ్యం, జొన్న కలిపేటప్పుడు వాటిని వేరుగా ఉడికించి తరువాతనే మాల్టులో కలుపుతారు. అయితే ఉడికేది ఒక గింజ, ఊరించేది మరొక గింజ అవుతుంది. అమ్మగారి మాటలో ‘గింజ’ ఒకటే ఉన్నది, అది తైద అయితే ‘డి’ చెల్లదు.

హనుమకొండ నుంచి:
అందరికీ నమస్కారాలు. అల్లుడు మిల్లు సందు సరిచేసి, కుళాయిని సన్నగా వదిలి, మళ్లీ కాచాడు. 5 కిలోల మాల్టులో నూటికి 80 పాళ్ల లెక్కన 4 కిలోల సారం ఉంటే, 1.048 సాంద్రతతో 25 లీటర్ల రసం వచ్చింది. అందులో సారం దాదాపు 3.1 కిలోలు, అంటే దిగుబడి 78 పాళ్లు అయింది. కరీంనగర్ వారికి కృతజ్ఞతలు.

మాట సంగతి మాత్రం మరింత చిక్కుపడింది. మా చిన్నమ్మను అడిగితే, ‘డు’ నిజమే కానీ తరువాతి అక్షరం ‘కూ’ కాదని, అమ్మ అన్నది "ఉడుగూరాలె" అని చెప్పింది. వాన ఉడిగింది అంటాము కదా, అట్లాగే పొంగు ఉడిగిన తరువాత ఊరాలని దాని భావమట. ‘ఉడుగు’ అనే ధాతువు నేరుగా ‘ఊరు’తో ఇట్లా కలిసిన ప్రయోగం పరకాల వారికి ఎక్కడైనా తగిలిందా?