అప్‌డేట్: ఎంఎస్ తర్వాత యూరాలజీకే వెళ్లాను

ఎంఎస్ జనరల్ సర్జరీ అయ్యాక నీట్ ఎస్‌ఎస్ (సూపర్ స్పెషాలిటీ ఎంట్రన్స్) రాసి, ఇంకో 3 ఏళ్లు ఎంసీహెచ్ యూరాలజీ (కిడ్నీ, మూత్రనాళాల సర్జరీలో సూపర్ స్పెషాలిటీ డిగ్రీ) చదవాలా, లేక ప్రాక్టీసు పెట్టేయాలా అని పోయిన ఏడాది అడిగాను. సీటు తిరుపతిలోనే వచ్చింది. చేరి 8 నెలలైంది.

మొదట్లో సిస్టోస్కోపీ (కెమెరా గొట్టంతో మూత్రాశయం లోపల చూడటం) తప్ప ఏదీ చేతికివ్వలేదు. కడుపు తెరిచి తడిమి చూసే అలవాటు నాది. స్క్రీన్ చూస్తూ పనిచేయడం కుదరక చాలా టెన్షన్ పడ్డాను. ఇప్పుడు సీనియర్ పక్కనుంటే యూరెటరోస్కోపీతో (మూత్రనాళంలోకి సన్నటి కెమెరా గొట్టం పంపి) రాయి తీసి, డీజే స్టెంట్ (కిడ్నీ నుంచి మూత్రాశయం దాకా ఉండే సన్నటి గొట్టం) వేస్తున్నాను.

ఈ స్టెంట్ గురించి ఒక మాట చెప్పాలి. అది కొన్ని వారాలకే తీయాల్సింది. మదనపల్లె వైపు నుంచి వచ్చిన ఒక రైతు, నొప్పి తగ్గిందని రెండేళ్లు దాని సంగతే మర్చిపోయారు. స్టెంట్ చుట్టూ రాయి కట్టేసింది. తీయడానికి రెండు ఆపరేషన్లు పట్టాయి. ఆయన తప్పని నాకు అనిపించలేదు, ఎవరూ గట్టిగా చెప్పి ఉండరు. అప్పటినుంచి నేను స్టెంట్ వేసిన ప్రతి ఒక్కరి నంబరూ, తీయాల్సిన తేదీ నోట్‌బుక్‌లో రాసుకుని నేనే ఫోన్ చేస్తున్నాను.

లాగ్‌బుక్ (చేసిన కేసుల రికార్డు) ఏ రోజుది ఆ రోజే రాయమని నా పాత పోస్టుకు సలహా ఇచ్చిన అన్నకు థాంక్స్. పీసీఎన్‌ఎల్‌లో (వీపు వైపు చిన్న రంధ్రం చేసి కిడ్నీ రాయి తీసే ఆపరేషన్) పంక్చర్, అంటే సూదితో కిడ్నీలోకి దారి చేయడం, ఇంకా సొంతంగా చేయలేదు. చేశాక రాస్తాను.