కీమో రోగికి ఫ్లూ ఊపిరితిత్తుల్లోకి దిగితే: ఎక్స్‌రే బాగుందంటే నమ్మవచ్చా?

ప్రశ్న (చిత్తూరు)
మా చిన్నాన్నకు ఏఎంఎల్ రకం రక్త క్యాన్సర్. వేలూరులో రెండో విడత కీమో చేయించుకుని ఇంటికి వచ్చాక, మా పాపకు పట్టిన జలుబే ఆయనకూ అంటుకుని, మర్నాటికే పొడిదగ్గు, 101 డిగ్రీల జ్వరం వచ్చాయి. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు. సీటీ తీస్తే రెండు ఊపిరితిత్తుల్లోనూ మసక మచ్చలు కనిపించాయి. ముక్కులోంచి తీసిన నమూనాలో ఇన్‌ఫ్లుయెంజా ఏ (ఒక రకం ఫ్లూ వైరస్) అని తేలింది. వైరస్ అని తెలిశాక కూడా యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు ఎందుకు ఇస్తున్నారు?

జవాబు 1 (తిరుపతి, వైద్యుడిని)
ఎక్స్‌రేలో మచ్చ కనబడేది, చాలావరకు, జబ్బు ఉన్నచోటికి తెల్లకణాలు చేరి వాపు తెచ్చినప్పుడే. కీమో తర్వాత న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు మైక్రోలీటరు రక్తంలో 500 కంటే తగ్గిపోయిన మనిషిలో ఆ కణాలే కరువు కాబట్టి, లోపల జబ్బు ముదురుతున్నా తొలిరోజుల్లో ఎక్స్‌రే శుభ్రంగా ఉండవచ్చు. ఇక ఇంజెక్షన్ల సంగతి: ఫ్లూ వైరస్ శ్వాసనాళాల లోపొరను దెబ్బతీసిందంటే బ్యాక్టీరియాకూ, ఆస్పర్‌జిలస్ వంటి బూజుకూ దారి దొరికినట్టే. వైరస్ దొరికినంత మాత్రాన మిగతావి లేవని చెప్పలేము. ఫ్లూ వైరస్‌కు ఇచ్చే ఒసెల్టామివిర్ మందును లక్షణాలు మొదలైన 48 గంటల్లోపు మొదలుపెడితే మేలు ఎక్కువే గాని, ఇలాంటి రోగులకు ఆ గడువు దాటినా ఇస్తారు. ఇదే జలుబు, దగ్గు తెచ్చే ఆర్‌ఎస్‌వీ అనే మరో వైరస్ అయి ఉంటే అంత నమ్మకంగా ఇవ్వగల మందు లేదు. వైరస్‌ను తరిమే లింఫోసైట్లు అనే తెల్లకణాలు కోలుకునేదాకా వైరస్ వారాల తరబడి బయటికి వస్తూనే ఉండవచ్చు. కనుక జ్వరం తగ్గిందని ఆయనను వేరే గదిలో ఉంచడం మానేయకండి.

జవాబు 2 (తిరుపతి)
మా అబ్బాయికి ఏఎల్ఎల్ అనే మరో రకం రక్త క్యాన్సర్. జ్వరం రాగానే పారాసిటమాల్ వేసి తెల్లవారేదాకా చూద్దామనుకోవద్దని, ముందు ఫోన్ చేయమని మా డాక్టరుగారు గట్టిగా చెప్పారు. కష్టమైనది పరామర్శలను ఆపడం. యాపిల్స్ పట్టుకుని ముక్కు తుడుచుకుంటూ వచ్చే పెద్దలను గుమ్మంలోనే నిలిపితే నొచ్చుకుంటారు, అయినా నిలపవలసిందే. చుట్టుపక్కల ఎవరికైనా అమ్మవారు పోసిందని తెలిస్తే అదే రోజు ఆసుపత్రికి చెప్పండి, ఆ వైరస్ కూడా ఇలాంటివారి ఊపిరితిత్తులకు చేటు చేస్తుంది.

ప్రశ్నించినవారు
ఇద్దరికీ ధన్యవాదాలు. పాపకూ మాకూ ఫ్లూ టీకా ఇప్పుడు వేయించవచ్చా?

జవాబు 1
పాపకు జ్వరం తగ్గాక అందరూ వేయించుకోండి. సూదిగా వేసేదే అడగండి, ముక్కులో కొట్టే సజీవ టీకా వద్దు. సూది టీకా బలం రావడానికి రెండు వారాలు పడుతుంది, అప్పటిదాకా మాస్కే దిక్కు. చిన్నాన్నగారికి ఎప్పుడన్నది ఆయన కీమో చూస్తున్నవారు చెప్పాలి.