న్యూయార్క్‌లో ‘ది డైలీ షో’ షూటింగ్ చూడాలంటే? ఆఫీసు ట్రిప్‌లో కుదురుతుందా?

మారతహళ్లి_నలుగురం: అక్టోబరు రెండో వారం నుంచి నవంబరు రెండో వారం దాకా ఆఫీసు పని మీద న్యూయార్క్‌కి దగ్గర్లో, న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటున్నాం, నలుగురం. ఒక సాయంత్రం స్టూడియోలో కూర్చుని, అమెరికా రాజకీయ వార్తల మీద జోకులేసే టీవీ షో ‘ది డైలీ షో’ చూడాలని ఉంది. టికెట్ ఎంత? బెంగళూరులో ఉండగానే బుక్ చేసుకోవచ్చా? ఆఫీసు నుంచి లాప్‌టాప్ బ్యాగులతో నేరుగా వెళ్లిపోవచ్చా?

బెళ్లందూరు: టికెట్‌కి డబ్బులు లేవండీ, ఉచితం. ఎవరైనా అమ్ముతానంటే మోసమే, అటు పోకండి. షో సొంత వెబ్‌సైట్‌లో టికెట్ల పేజీ ఉంటుంది, ఇక్కడి నుంచే పేర్లు ఇవ్వొచ్చు. అయితే ఉచితం కావడంలోనే చిక్కుంది. ఊరికే వచ్చిన టికెట్ తీసుకుని రానివాళ్లు చాలామంది, అందుకని సీట్ల కంటే ఎక్కువ టికెట్లు ఇచ్చేస్తారు. ఖాళీ కుర్చీ కెమెరాకి చిక్కుతుంది, పైగా హాల్లో నవ్వు పలచబడుతుంది. ప్రేక్షకుల తలల మీద మైకులు వేలాడుతుంటాయి. టీవీలో మనం వినే నవ్వు వాటిలోంచి వచ్చిందే. తిరుమల టోకెన్ చేతిలో ఉంటే దర్శనం ఖాయం. ఇక్కడ టికెట్ ఉన్నా లోపలికి వెళ్లే హామీ లేదు, ముందు వచ్చినవాళ్లకే సీటు. టికెట్ మీద వేసిన చెకిన్ టైముకి అరగంట ముందే లైన్లో ఉండండి.

జేపీనగర్_బాబాయ్: బుకింగ్‌లో ఎక్కువమంది దెబ్బతినేది టైము దగ్గర. అక్టోబరులో న్యూయార్క్ కంటే మనం 9:30 గంటలు ముందు. నవంబరు మొదటి ఆదివారం అక్కడ గడియారం గంట వెనక్కి తిప్పుతారు, అప్పటినుంచి 10:30. వెయిటింగ్ లిస్టులో ఉన్నవాళ్లకి సీటు దొరికిందన్న మెయిల్ వాళ్ల మధ్యాహ్నం పూట వచ్చిందంటే మనకి అర్ధరాత్రే. తెల్లారి చూసి కన్ఫర్మ్ చేసేసరికి వేరేవాళ్లకి పోయి ఉంటుంది. ఆ వారం ఫోన్ సైలెంట్‌లో పెట్టకండి.

ఇంకోటి. దిగిన మర్నాడే పెట్టుకోవద్దు నాయనా. షూటింగ్ సాయంత్రం ఆరు ప్రాంతంలో, మీ ఒంటికి అది తెల్లవారుజాము మూడున్నర. చల్లటి ఏసీ హాల్లో కూర్చుంటే నిద్ర ఆగదు. కనీసం నాలుగు రోజులు పోనివ్వండి.

మారతహళ్లి_నలుగురం: థ్యాంక్సండీ. ఏ రోజు మంచిది? జాన్ స్టీవర్ట్‌ని చూడాలంటే?

బెళ్లందూరు: షో సోమవారం నుంచి గురువారం వరకే. 1999 నుంచి 2015 దాకా నడిపిన స్టీవర్ట్, 2024 ఫిబ్రవరిలో తిరిగొచ్చి సోమవారాలు చేయడం మొదలుపెట్టారు. అందుకే సోమవారం టికెట్‌కి పోటీ ఎక్కువ. మిగతా రోజుల్లో హోస్టులు వంతులవారీగా మారుతుంటారు. నన్నడిగితే బుధ, గురువారాలకి ప్రయత్నించండి, నలుగురికీ ఒకేసారి దొరికే వీలు అప్పుడే ఎక్కువ. షో సెలవులో ఉండే వారాలు కూడా ఉంటాయి, తేదీ చూసుకున్నాకే ఆఫీసులో పర్మిషన్ అడగండి.

కేఆర్‌పురం_రైలు: దారి చెబుతా. ఎడిసన్‌లో ఎన్‌జే ట్రాన్సిట్ రైలెక్కి న్యూయార్క్ పెన్ స్టేషన్‌లో దిగండి, ముప్పావుగంట నుంచి గంట. అక్కడ ఎయిత్ అవెన్యూ వైపు సి లేదా ఇ మెట్రో, అప్‌టౌన్ దిశ, రెండో స్టాపు ఫిఫ్టీయత్ స్ట్రీట్. స్టూడియో లెవెన్త్ అవెన్యూలో, 51, 52 వీధుల మధ్య. మ్యాప్‌లో దగ్గరగా కనబడి మోసపోయేది ఇక్కడే: వీధికీ వీధికీ మధ్య నిమిషం నడకైతే, అవెన్యూకీ అవెన్యూకీ నాలుగైదు నిమిషాలు. మూడు అవెన్యూలు దాటాలి, పావుగంట పెట్టుకోండి. హడ్సన్ నది పక్కనే, నవంబరులో లైన్లో నిలబడితే గాలి కోసేస్తుంది.

లాప్‌టాప్ బ్యాగులు వద్దే వద్దు బ్రో. సెక్యూరిటీ తనిఖీ ఉంటుంది, పెద్ద బ్యాగులకి చోటుండదు. పాస్‌పోర్టు ఒరిజినల్ పట్టుకెళ్లండి, టికెట్ మీద పేరు అక్షరం పొల్లుపోకుండా దాంతో కలవాలి. ఇంటిపేరు ముందా వెనకా అన్న మన గోల అక్కడ చెప్పుకోలేం. 18 ఏళ్లు నిండనివాళ్లని రానివ్వరు.

జేపీనగర్_బాబాయ్: లోపల ఫోన్లు, స్మార్ట్ వాచీలు ఆపేయాలి. రాత్రి 11కి ప్రసారమయ్యే జోకు అంతకుముందే బయటికి పొక్కితే వాళ్ల పని చెడుతుంది. ముందు ఒక కమెడియన్ వచ్చి హాలుని వేడెక్కిస్తాడు. అతను అడిగితే గట్టిగా మాట్లాడండి, మొహమాటపడి గుసగుసలాడితే పక్కవాడికే వినబడదు. షో స్లాటు అరగంటే. వార్మప్, మధ్యలో విరామాలు, తడబడితే మళ్లీ చదివే లైన్లు కలుపుకుంటే అంతకు బాగా ఎక్కువసేపు కూర్చోవాలి. మొదలయ్యాక బాత్రూమ్‌కి లేవడం కుదరదు, ముందే వెళ్లి రండి. ఆ వారం అమెరికా రాజకీయ వార్తలు రెండు రోజులు చదువుకుని వెళ్లండి, లేకపోతే అందరూ నవ్వాక నవ్వాల్సి వస్తుంది. మైకుకి అది కూడా వినబడుతుంది!

హెచ్‌ఎస్‌ఆర్: అది దొరక్కపోతే ‘సాటర్డే నైట్ లైవ్’ అనే ఇంకో కామెడీ షోకి స్టాండ్‌బై, అంటే సీటు మిగిలితేనే లోపలికి, ఉంది. షో ఉన్న వారం గురువారం ఉదయం 10కి, న్యూయార్క్ టైము, ఆన్‌లైన్‌లో తెరుస్తారు. శనివారం రాత్రి 8కి డ్రెస్ రిహార్సల్ (లైవ్‌కి ముందు షో మొత్తం చేసి చూసుకోవడం), 11:30కి లైవ్, ఏదో ఒకటే ఎంచుకోవాలి. రిహార్సల్ ఎంచుకోండి. లైవ్ అయ్యేసరికి ఒంటిగంట, ఆ వేళ ఎడిసన్ రైలు చూసుకోవడం తలనొప్పి.

మారతహళ్లి_నలుగురం: లైన్లో తినడానికి పులిహోర డబ్బా తీసుకెళ్లొచ్చా?

కేఆర్‌పురం_రైలు: లైన్లోనే ఖాళీ చేసేయండి. డబ్బాతో లోపలికి పోనివ్వరు, స్టీలుదైతే వదిలేయడానికి మీకే మనసొప్పదు.