చిలికాలో పిల్లల సైజు లైఫ్ జాకెట్లు ఎక్కడ దొరుకుతాయి?

బరంపురం నుంచి నాలుగు, ఐదు తరగతుల తెలుగు పిల్లల్ని డిసెంబరులో చిలికా సరస్సుకి తీసుకెళ్తున్నాం, ఒడియా మాట్లాడించడానికి. రంభ స్టేషన్ నుంచి ఒడ్డు దాకా నడక, దారిలో చేపలవాళ్లతో బేరాలు ఒడియాలోనే. 9కి బోటెక్కి బ్రేక్‌ఫాస్ట్ ఐలాండ్ అనే చిన్న దీవికి, గాలి లేవకముందే 12 లోపు వెనక్కి.

చిక్కంతా జాకెట్లతోనే. ఫోన్‌లో అడిగితే బోటువాళ్లందరూ "అఛి, అఛి" (ఉన్నాయి, ఉన్నాయి) అంటారు. ఫొటో పంపమంటే అన్నీ పెద్దవాళ్లవే. అలాంటిదొకటి తెప్పించి ఓ బక్కపిల్లాడికి తొడిగాం. పట్టీలు బిగించినా, భుజాల దగ్గర పట్టి లేపితే చెవుల దాకా వచ్చేసింది. నీళ్లలో ఇంకేం ఆగుతుంది? బరంపురం షాపుల్లో గాలి ట్యూబులే ఉన్నాయి, వాటిని నమ్మలేం.

20–30 కిలోల పిల్లలకు సరిపోయే జాకెట్లు రంభలోగానీ బార్కుల్‌లోగానీ ఏ ఘాట్ దగ్గర అద్దెకి దొరుకుతాయి?